ముందు కాసిని మంచినీళ్ళు తాగు

మా ఇంట్లో ఎవరు ఏ బాధ చెప్పుకున్నా మా అత్తగారి మొదటి మాట ఒకటే: "ముందు కాసిని మంచినీళ్ళు తాగు." తలనొప్పికీ అదే, కడుపులో తిప్పుతోందన్నా అదే. ఇంటర్‌లో లెక్కల పరీక్ష పాడైందని మా అమ్మాయి మంచమెక్కి ఏడ్చినప్పుడూ చెంబు పట్టుకుని వచ్చి అదే మాట. ఆవిడ వైద్యం సగం సార్లు పనిచేసేది. పనిచేయని సగానికి ఎవరూ లెక్క రాయలేదు.

బెజవాడ ఎండల్లో ఇద్దరు పిల్లల్ని పెంచి, ఇద్దరు పెద్దవాళ్ళను చూసుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపాక నాకు తేలింది ఇది. ఒంట్లో నీరు తగ్గి వచ్చిన బాధకు నీళ్ళను మించిన మందు లేదు. మరో కారణంతో వచ్చినదానికి నీళ్ళు ఉత్త నీళ్ళే. ఒక్కోసారి నీళ్ళే జబ్బు తెస్తాయి కూడా, ఆ కథ కింద చెబుతాను. ఏ బాధ ఏ రకానిదో పసిగట్టడానికి పనికొచ్చే సంగతులు కొన్ని రాస్తున్నాను. వరసకు పెద్ద అర్థం లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

1. తలనొప్పి వస్తే మాత్ర వెతికే ముందు, పొద్దున్నుంచి ఏం తాగానో ఒకసారి లెక్కేసుకోండి. రెండు కాఫీలు తప్ప గొంతులో చుక్క పడలేదని తేలితే రెండు గ్లాసులు నీళ్ళు తాగి, అరగంట నీడపట్టున కూర్చోండి. ఎండలో తిరిగొచ్చాక, పెళ్ళి పనుల్లో, బస్సు ప్రయాణాల్లో వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి ఇది చాలు. ప్రయాణాల్లో ఆడవాళ్ళం దారిలో బాత్రూం ఎక్కడ దొరుకుతుందోనన్న భయంతో కావాలనే తాగం. సాయంత్రానికి కణతలు పట్టేస్తాయి. అరగంటకూ తగ్గకపోతే అది మరో రకం నొప్పి. ఉన్నట్టుండి నెత్తిన పిడుగు పడ్డట్టు వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, మాట తడబడినా నీళ్ళ దగ్గర ఆగకండి.

2. రోజుకు ఎన్ని గ్లాసులు? ఎనిమిది అని అందరూ చెబుతారు. ఆ లెక్కకు మూలంగా చాలామంది చూపించేది 1945లో అమెరికా పోషకాహార మండలి ఇచ్చిన సలహా. పెద్దవాళ్ళకు రోజుకు రెండున్నర లీటర్ల నీరు కావాలని అందులో రాశారు. దాని వెంటే, ఇందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే దొరుకుతుందని కూడా రాశారు. జనం మొదటి వాక్యం పట్టుకుని రెండోది వదిలేశారు. మన తిండి చూడండి: అన్నం బరువులో సగానికి మించి నీరే. దాని మీద పప్పుచారు, చివర మజ్జిగ. సొరకాయ, దోసకాయ, బీరకాయ కూరలైతే దాదాపు నీళ్ళ మూటలే. అందుకే గ్లాసులు లెక్కపెట్టడం నేను మానేశాను.

3. లెక్క బదులు రంగు చూసుకోవాలి. మూత్రం లేత నిమ్మకాయ రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టే. డికాక్షన్ వైపు తిరుగుతోందంటే తక్కువైంది. అస్తమానం ఉత్త నీళ్ళలా పోతుంటే అక్కర్లేకపోయినా తాగుతున్నారని. బీకాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్ళకు ముదురు పసుపు వస్తుంది, కంగారు పడకండి. బీట్‌రూట్ కూర తిన్న మర్నాడు ఎర్రగా వచ్చినా అంతే. ఎంత తాగినా రంగు దిగకపోతే, కళ్ళు కూడా పచ్చబడితే అది కామెర్ల సంగతి. చెట్టు మందు పోయించుకోవడానికి పరిగెత్తకుండా ముందు రక్తపరీక్ష చేయించుకోండి.

4. పరగడుపు నీళ్ళు మన పెద్దల నుంచీ ఉన్న అలవాటే, ఉషఃపానం అని పేరు కూడా ఉంది. రాత్రంతా ఏమీ తాగని ఒంటికి పొద్దున్నే ఒకటి రెండు గ్లాసులు హాయి. ఖాళీ కడుపులో నీళ్ళు పడగానే పేగులు కదులుతాయి, బాత్రూంకి వెళ్ళబుద్ధవుతుంది. దాని గొప్ప అంతవరకే. జపాన్ నీళ్ళ వైద్యం అంటూ ఫోనుల్లో తిరిగే కాగితం ఒకటుంది. లేవగానే నాలుగు గ్లాసులు తాగి ముప్పావుగంట ఏమీ తినకుండా ఉంటే షుగరు, బీపీ, క్షయ, చివరికి క్యాన్సర్ కూడా ఇన్ని రోజుల్లో పోతాయని రోజులతో సహా రాసి ఉంటుంది. క్షయకు ఆరు నెలలు మందులు వాడాల్సిందే, నీళ్ళు తాగి ఆపేస్తే ఇంటిల్లిపాదికీ అంటుతుంది. ఆ కాగితం వస్తే ముందుకు పంపకండి.

5. విరేచనాలు పట్టుకుంటే. నీళ్ళు నిజంగా ప్రాణం పోసే చోటు ఇదే, కాస్త వివరంగా చెబుతాను. ఉత్త నీళ్ళు ఇక్కడ చాలవు. పోయేది నీరొక్కటే కాదు, దాంతోపాటు ఉప్పు కూడా. పేగు గోడకు ఓ చిత్రమైన గుణం ఉంది. గ్లూకోజు, ఉప్పు కలిసి వస్తే రెంటినీ జంటగా లోపలికి లాక్కుంటుంది, వాటి వెనకే నీరూ వెళుతుంది. ఎంత నీళ్ళ విరేచనాల్లోనైనా ఈ దారి మూసుకుపోదు. ఓఆర్ఎస్ కిటుకంతా ఇంతే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటికి శరణార్థులు లక్షల్లో బెంగాల్‌కు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ములతో పెట్టించి, రోగుల పక్కనున్న బంధువుల చేతే గ్లాసులతో తాగించారు. నూటికి ముప్ఫై మంది దాకా పోతున్న చోట చావులు నూటికి నలుగురి లోపుకు దిగాయి. ఆయన 2022 అక్టోబరులో పోయారు, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు. బతికుండగా ఆయన పేరు మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

ఇంట్లో ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే: కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో తలకొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, తలకొట్టిన అర టీ చెంచా ఉప్పు. గరిటెతోనో గుప్పెటతోనో వేయకండి. రుచి చూస్తే కన్నీళ్ళకన్నా ఉప్పగా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. కలిపినది 24 గంటలు దాటితే వాడొద్దు.

ప్యాకెట్ ఉంటే దాని మీద ఎన్ని నీళ్ళలో కలపమన్నారో చదవండి. కొన్ని లీటరువి, కొన్ని 200 మిల్లీలీటర్లవి. లీటరు ప్యాకెట్‌ను ఓ పొట్లాం మందులా సగం గ్లాసులో కలిపి తాగించేవాళ్ళను చూశాను. అది మేలు చేయకపోగా దాహం ఇంకా పెంచుతుంది. రోజుకింత అని పొడి పంచుకోవడం కూడా తప్పే, మొత్తం ఒకేసారి కలిపేయాలి.

రెండేళ్ళ లోపు పిల్లలకు ఒక్కో విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకన్నా పెద్దవాళ్ళకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలాగి మళ్ళీ చెంచా చెంచాగా మొదలెట్టాలి. తల్లిపాలు మాన్పించొద్దు, మెత్తటి అన్నం మానొద్దు. కళ్ళు లోపలికి పోయినా, బిడ్డ మత్తుగా పడున్నా, పొట్ట మీది చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, మలంలో రక్తం పడినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా ఇంట్లో వైద్యం ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

6. డబ్బా మీది పేరును నమ్మకండి. మందుల షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే కొన్నేళ్ళపాటు అట్టపెట్టెల్లో రంగురంగుల తీపి పానీయాలు చేతికొచ్చేవి. పిల్లలు ఇష్టంగా తాగేవారు, తాగరా మరి, పానకంలా ఉంటే! అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. తీపి ఎక్కువైతే పేగులోకి నీరు ఎదురు లాగి విరేచనాలు పెరుగుతాయి. దీని మీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటరిగా పోరాడారు, హైకోర్టు దాకా వెళ్ళారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ, అసలు సూత్రం ప్రకారం లేని పానీయాల మీద ఆ మూడక్షరాలు వేయకూడదని ఆదేశించింది. అయినా కొనేటప్పుడు వెనక్కి తిప్పి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూడండి. చూపు ఆనకపోతే షాపబ్బాయి చేత చదివించండి.

7. వడదెబ్బ. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు దాహం వేశాక తాగుదామంటే ఆలస్యమే. బయటికి వెళ్ళేముందు తాగండి, వెళ్ళాక గంటకోసారి కాస్త కాస్త తాగండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి పొలం పని, తాపీ పని, డెలివరీ పని చేసేవాళ్ళకు ఉత్త నీళ్ళకన్నా ఉప్పేసిన మజ్జిగ మంచిది. మా అమ్మమ్మగారింట్లో పల్చటి మజ్జిగ తేటలో ఉప్పు, కరివేపాకు, నలిపిన అల్లం ముక్క వేసి, నిమ్మకాయ పిండి ముంతకు పోసి పొలానికి పంపేవారు. పాలేర్లు దాన్ని ఒక్క గుక్కలో ఎత్తేవారు. తరవాణి, రాగి అంబలి, గంజిలో ఉప్పు, అన్నీ ఆ లెక్కలోవే. కొబ్బరి బొండం మంచిదే కానీ అందులో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా తాగొద్దు.

కళ్ళు తిరిగి, కాళ్ళు పీకి, ఒళ్ళంతా చెమట పట్టి ఉన్న మనిషిని నీడకు చేర్చి, కాళ్ళు కాస్త ఎత్తున పెట్టి, ఉప్పు పంచదార నీళ్ళు తాగిస్తే తేరుకుంటాడు. ఒళ్ళు పెనంలా కాలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా ఆ నోట్లో చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు నీళ్ళు పోయాల్సింది ఒంటి మీద. బట్టలు వదులు చేసి, తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా తడపడం ఆపొద్దు.

8. కుండ నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయంటే కుండకు చెమట పడుతుంది కనుక. మట్టి రంధ్రాల్లోంచి ఊరిన ఒక గ్రాము నీరు ఆవిరైతే, లోపలి నీళ్ళలో దాదాపు 580 గ్రాములు ఒక డిగ్రీ చల్లబడతాయి. గాలి పొడిగా ఉంటే ఆవిరి తొందరగా అవుతుంది. అందుకే అనంతపురంలో కుండ నీళ్ళు పళ్ళు జివ్వుమనిపిస్తాయి, అదే కుండ కాకినాడలో పెడితే ఏదో చల్లగా ఉన్నాయంటే ఉన్నాయి అనిపిస్తుంది. కుండది తప్పు కాదు, ఉప్పుగాలిది. కొనేటప్పుడు బయట మెరిసే రంగు వేసినది కొనకండి, రంధ్రాలు మూసుకుపోతే అది కుండ ఆకారంలో ఉన్న బిందె మాత్రమే. కొత్త కుండను ఒకరోజు నీళ్ళలో నానబెట్టి, మొదటి రెండు సార్ల నీళ్ళు మొక్కలకు పోయండి. కింద ఇసుక పోసి తడుపుతూ ఉంచితే ఇంకాస్త చల్లగా ఉంటాయి. గుప్పెడు వట్టివేళ్ళు గుడ్డలో మూటకట్టి వేసుకుంటే ఆ వాసనకే సగం దాహం తీరుతుంది.

ఫ్రిజ్ నీళ్ళు తాగితే జలుబు చేస్తుందా అని అడుగుతారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది. కానీ ఎండలోంచి వచ్చి గడగడా ఐసు నీళ్ళు తాగితే కొందరికి నుదుటి మధ్య సూది గుచ్చినట్టు నొప్పి వస్తుంది. నాకూ వస్తుంది.

9. మూత్రంలో మంట ఆడవాళ్ళకు పాత చుట్టం. మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు రోజూ తాగేదాని మీద ఇంకో లీటరున్నర తాగితే ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయని 2018లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అది రాకుండా ఆపే సంగతి. వచ్చిందాన్ని బార్లీ నీళ్ళతో, సబ్జాతో ఒక్కరోజు చూడొచ్చు. చలిజ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి తేలినా, గర్భిణి అయినా ఆ ఒక్కరోజు కూడా ఆగకూడదు. బడికెళ్ళే ఆడపిల్లలు అక్కడి బాత్రూం బాగోదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా సీసా మూత తీయరు. వాళ్ళ సీసా ఇంటికి నిండుగా వస్తే తిట్టకండి, బడికి వెళ్ళి బాత్రూం చూసి రండి.

10. కిడ్నీలో రాయి ఒకసారి వచ్చినవాళ్ళకు నీళ్ళు నిజమైన మందు. ఇటలీలో అయిదేళ్ళు గమనించి 1996లో ప్రకటించిన లెక్క ఇది: మామూలుగా తాగినవాళ్ళలో నూటికి 27 మందికి రాయి మళ్ళీ వచ్చింది, బాగా తాగినవాళ్ళలో 12 మందికి. ఇక్కడ మాత్రం లెక్క అవసరమే, కానీ అది గ్లాసుల లెక్క కాదు. తాగింది ఎంతన్నది ముఖ్యం కాదు, రోజుకు రెండు లీటర్లకు పైగా మూత్రం రావాలి. వేసవిలో చెమటకు పోయేది పోగా అంత రావాలంటే మూడు లీటర్లు దాటి తాగాలి. పడుకోబోయే ముందు ఒక గ్లాసు మరవొద్దు, రాత్రే మూత్రం చిక్కబడుతుంది. నిమ్మరసం కలుపుకుంటే మంచిది, అందులోని సిట్రేటు రాయి కట్టనివ్వదు. నొప్పి మెలితిప్పుతున్నప్పుడు మాత్రం బిందెలకు బిందెలు తాగితే రాయి కొట్టుకుపోతుందనుకోవడం పొరపాటు, వాంతులే మిగులుతాయి. నొప్పితోపాటు జ్వరం ఉంటే అదే రోజు ఆసుపత్రికి.

11. మలబద్ధకానికి ఉత్త నీళ్ళు అంతంతమాత్రం. తోటకూర, చిక్కుడు, జామకాయ, దంపుడు బియ్యం లాంటి పీచు కడుపులో ఉంటే దాన్ని ఉబ్బించి మెత్తబరచడానికి నీళ్ళు కావాలి. పీచు లేకుండా నీళ్ళు తాగితే అవి మరో దారిన పోతాయి. ఇసబ్గోలు వేసుకునేవాళ్ళు నిండు గ్లాసు నీళ్ళు తప్పక తాగాలి, లేకపోతే అదే లోపల ముద్దకడుతుంది.

12. గ్యాస్ అనుకుని మోసపోకండి. తేన్పులు, కడుపుబ్బరం ఉంటే వాము వేసి కాచిన నీళ్ళో, జీలకర్ర నీళ్ళో గోరువెచ్చగా తాగితే ఉపశమనంగా ఉంటుంది, ఆ మాట కాదనను. అన్నం మధ్యలో నీళ్ళు తాగితే అరగదన్న భయం అక్కర్లేదు. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్ళు మాత్రం ఒకేసారి కడుపు నిండా నీళ్ళు పోస్తే మంట ఇంకా పైకి తన్నుకొస్తుంది. ఇక ఛాతీ మధ్య బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే అది వాము నీళ్ళకు లొంగేది కాదు. మా వీధిలో ఒకాయన అర్ధరాత్రి గ్యాసేలే అని వాము నీళ్ళు తాగి పడుకున్నారు. తెల్లారి లేవలేదు.

13. జలుబు, గొంతు గరగర. గోరువెచ్చని నీళ్ళు, పలుచటి మిరియాల చారు, అల్లం టీ కఫాన్ని పల్చబరుస్తాయి, గొంతుకు హాయినిస్తాయి. జలుబు తన గడువు తాను తీర్చుకునే పోతుంది. గ్లాసుడు వెచ్చటి నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడం మంచిది. ఆవిరి పట్టేటప్పుడు మరిగే గిన్నె మీద దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెట్టకండి. గిన్నె ఒరిగి తొడలు కాలిన పిల్లల్ని కరోనా రోజుల్లో చాలానే చూశారట డాక్టర్లు.

14. ఎక్కిళ్ళకు గుక్క తిప్పుకోకుండా తొమ్మిది గుటకలు మింగమంటారు. తొమ్మిదే ఎందుకో గానీ పనిచేస్తుంది. వరసగా మింగుతూ ఊపిరి బిగబట్టడం వల్ల ఎగిరే డయాఫ్రం సర్దుకుంటుంది. పొలమారితే మాత్రం వేరు. నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటూ వెంటనే నీళ్ళందిస్తాం. దగ్గు వస్తున్నంతసేపు దగ్గనివ్వండి, దగ్గే దాన్ని బయటికి తోస్తుంది. తగ్గాక తాగించండి.

15. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మేవాళ్ళు మంచం దిగే ముందు రెండు గ్లాసులు తాగి, కాసేపు కాళ్ళు వేలాడేసి కూర్చుని అప్పుడు లేవాలి. రక్తదానం చేయబోయే కుర్రాళ్ళు కూడా పది పదిహేను నిమిషాల ముందు అర లీటరు తాగితే కళ్ళు తిరిగి పడే అవకాశం తగ్గుతుంది.

16. జ్వరంలో ఆకలి లేకపోయినా ద్రవాలు మానకూడదు. గంజి, సగ్గుబియ్యం జావ, పల్చటి చారు, ఏది లోపలికి దిగితే అది. డెంగీ అని తేలితే నాలుగైదు గంటలకోసారైనా మూత్రం వస్తోందో లేదో గమనించండి. జ్వరం దిగిన రోజునే అసలు జాగ్రత్తగా ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే బొప్పాయి ఆకు రసంతో పొద్దు పుచ్చకండి.

17. ఆరు నెలల లోపు పసిబిడ్డకు నీళ్ళు వద్దు. ఎండాకాలం, పాపం గొంతు ఎండిపోతోంది అంటూ పెద్దవాళ్ళు తేనె నీళ్ళో చెంచాడు మంచినీళ్ళో పడతారు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళు నీరే. బిడ్డకు దాహమైతే తల్లి దగ్గర ఇంకోసారి పట్టించాలి, తాగాల్సింది తల్లి. మా మనవడప్పుడు అత్తగారికీ నాకూ ఈ విషయంలో మూడు రోజులు మాటల్లేవు.

18. డెబ్బై దాటినవాళ్ళకు దాహం మొద్దుబారుతుంది. ఒంట్లో నీరు తగ్గినా వాళ్ళకు తెలియదు. తెలిసినా, రాత్రి లేవాల్సి వస్తుందని, మోకాళ్ళు సహకరించవని తాగరు. "నీళ్ళు తాగారా?" అని అడిగితే "ఆ, తాగాను" అంటారు. అడగడం మాని చేతికివ్వండి. పొద్దున, మధ్యాహ్నం ఎక్కువిచ్చి ఏడు దాటాక తగ్గించండి.

19. నీళ్ళే జబ్బు తెచ్చిన కథ చెబుతానని మొదట్లో అన్నాను, అది ఇదే. మా మావయ్యగారికి అప్పుడు 79. బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర వాడుతున్నారు. ఫోనులో ఎవరో పంపింది చదివి, రోజుకు అయిదు లీటర్లు తాగడం, ఉప్పు పూర్తిగా మానడం రెండూ ఒకేసారి మొదలుపెట్టారు. పది రోజులకు కాస్త తూలడం మొదలైంది. "నీరసంగా ఉందమ్మాయ్" అంటే నేనూ మా ఇంటి మంత్రమే చదివాను, ఇంకో గ్లాసు అందించాను. పదకొండో రోజు పొద్దున నన్ను చూసి "మా చెల్లెలు ఎప్పుడొచ్చింది?" అన్నారు. ఆయన చెల్లెలు పోయి పదిహేనేళ్ళయింది. పక్షవాతమేమోనని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడ మొదట గ్లూకోజు పెట్టి పడుకోబెట్టారు, సాయంత్రానికి గానీ రక్తపరీక్ష చేయలేదు. సోడియం 135 నుంచి 145 ఉండాల్సింది, 116 ఉంది.

జరిగిందేమిటంటే, కిడ్నీలు గంటకు లీటరుకు మించి నీరు బయటికి పంపలేవు. వయసు మీద పడితే, ఆ రకం మాత్రలు వాడితే ఇంకా తక్కువ. మిగిలిన నీరు రక్తంలో చేరి ఉప్పును పల్చబరుస్తుంది, మెదడు కణాలు ఉబ్బుతాయి. తికమక, వాంతులు, మత్తు, ఫిట్స్ ఆ వరసలో వస్తాయి. అలాంటప్పుడు ఉప్పు ఇంట్లోనే గబగబా తినిపించి సరిచేద్దామనుకోవడం కూడా ప్రమాదమే, మెల్లగా, పరీక్షలు చూసుకుంటూ పెంచాలి. ఆయన ఆరు రోజుల్లో ఇంటికొచ్చారు.

కాబట్టి గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళు, లివరు చెడి పొట్టలో నీరు చేరినవాళ్ళు, బీపీకి అలాంటి మాత్రలు వాడేవాళ్ళు ఎంత తాగాలన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోవాలి. మా ఇంట్లో ఇప్పుడు లీటరున్నర సీసా ఒకటి ఆయన పేరిట ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో మూడు గీతలు: పేపరు చదివేలోగా ఒకటి, భోజనం వేళకు రెండోది, టీవీలో వార్తలకు మూడోది.

20. ఏ నీళ్ళు తాగాలి? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా చెల్లెలు వాళ్ళు నాలుగు రోజులు మా ఇంట్లోనే ఉన్నారు. తిరిగి వెళ్ళాక నెల రోజులు కాచిన నీళ్ళే తాగారు. నీళ్ళు బురదగా ఉంటే ముందు పటిక ముక్క నాలుగు చుట్లు తిప్పి తేరనివ్వాలి. వెనకటికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేవారు, అదీ ఇదే పని చేస్తుంది. తేట వంచుకుని, నాలుగు మడతల గుడ్డలో వడపోసి, కుతకుతా ఉడికాక ఒక నిమిషం ఉంచితే చాలు. కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చండి. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. గ్యాస్ లేని రోజున తేట నీళ్ళను రంగులేని ప్లాస్టిక్ సీసాలో పోసి మండే ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టినా క్రిములు చస్తాయి. మబ్బుగా ఉంటే రెండు రోజులు.

రాగి చెంబు సంగతి అడుగుతారు. బెంగళూరులో 2012లో చేసిన పరీక్షలో, కలరా, టైఫాయిడ్ రకం క్రిములు కలిపిన నీళ్ళను 16 గంటలు రాగి పాత్రలో ఉంచితే అవి బతకలేదు. రాత్రి పోసి పొద్దున తాగడం మంచి అలవాటే. అందులో నిమ్మరసం, మజ్జిగ మాత్రం పోయకండి, రాగి కరిగి కడుపులో తిప్పుతుంది.

కాచినా పోనిది ఫ్లోరైడ్. కాచే కొద్దీ నీరు తగ్గి అది ఇంకా చిక్కబడుతుంది. మాది కనిగిరి వైపు. దేశంలో ఎముకలు వంచే ఈ జబ్బును 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోని మా పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల్లోనే. మా పెదనాన్న నలభై ఏళ్ళకే మెడ తిప్పలేక, ఎవరైనా పిలిస్తే ఒళ్ళంతా తిరిగేవాడు. ఆయన బోరు నీళ్ళు ఎంతో తియ్యగా ఉంటాయని ఊరంతా చెప్పుకునేది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా పరవాలేదు. రుచి చూసి, వాసన చూసి చెప్పలేం. బోరు నీళ్ళు తాగేవాళ్ళు నీటి పరీక్ష కేంద్రంలో ఒకసారి చూపించుకోండి. ఎక్కువుంటే ఆర్ఓ మిషను అవసరమే. కృష్ణా నీళ్ళు వచ్చే మా వీధిలో ఇంటింటికీ అదే మిషను ఎందుకో నాకు అర్థం కాదు, బకెట్లకు బకెట్లు వృథాగా పోతుంది. మీరూ పెట్టించి ఉంటే ఆ వదిలేసిన నీళ్ళు ఇల్లు తుడవడానికి పట్టుకోండి.

21. మార్చి నుంచి జూన్ దాకా గుమ్మం పక్కన చిన్న కుండ, దాని మీద మూత, చిలుక్కొయ్యకు ఒక గ్లాసు. పార్సిళ్ళ పిల్లలు, చెత్తబండి వాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. తలుపు తీసినప్పుడు అడగకుండానే చూపిస్తే చాలు. రెండు రోజులకోసారి కుండ లోపల పీచుతో రుద్దండి, సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది. మొన్న మే నెలలో గ్యాస్ బండ మూడో అంతస్తుకు మోసుకొచ్చిన అబ్బాయి రెండు గ్లాసులు ఎత్తి తాగి, మూడోది నెత్తిన పోసుకుని, తడి చేత్తోనే రసీదు మీద సంతకం పెట్టించుకుని వెళ్ళాడు.